తోక మేడమ్ బూటు లేసు

బడిలో కెమిస్ట్రీ ల్యాబ్ వెనక ఒక ఇరుకు గది ఉంది. అందులో ఒక సింకు, గోడ పొడవునా అరలు, అరల నిండా గాజు. టెస్ట్‌ట్యూబులు, బీకర్లు, మెడ సన్నని సీసాలు. పిల్లలు మాడ్చినవి, మరకలు పడ్డవి, అంచు విరిగినవి. వాటిని కడిగి, ఆరబెట్టి, మళ్ళీ పిల్లల చేతికి అందించడం ఆమె ఉద్యోగం. పెళ్ళికి ముందు చేరింది. ఇప్పుడు జుట్టు సగం తెల్లబడింది. ఈ మధ్యలో సింకు ఒకటి మారింది, మిగతావన్నీ అలాగే ఉన్నాయి.

ప్రాక్టికల్స్ జరిగేటప్పుడు ఆమె వెనక గోడకు ఆనుకుని నిలబడేది. ఎవరు ఏ సీసా ఎత్తుతున్నారో చూసేది. ఒకదాంట్లో పోయాల్సింది ఇంకొకదాంట్లో పోస్తున్నా పలికేది కాదు. రావాల్సిన రంగు రాకపోతే పిల్లలే తెలుసుకుంటారు. చెయ్యి కాలే పని అయితే మాత్రం ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా వచ్చి మణికట్టు పట్టుకునేది. పట్టుకున్నాక కూడా ఏమీ అనేది కాదు.

ఆ గుణమే ఆమెను కొండలెక్కించింది.

ఆ బడిలో పై తరగతుల పిల్లలకు ఒక అవార్డు ఉంది. దానికి పరీక్ష లేదు, ర్యాంకు లేదు. మూడు పనులు చెయ్యాలి. ఎవరికైనా అక్కరకొచ్చే సేవ కొన్ని నెలలపాటు. చేతికి కొత్తగా పట్టుబడే పని ఒకటి. చివర కొండల్లో నడక. నలుగురు ఒక జట్టు. గుడారం, తిండి, నీళ్ళు వీపున మోసుకుని, మ్యాపు చూసుకుంటూ వెళ్ళి, ఒక రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు పొద్దుగుంకేలోగా అవతలి వైపు దిగాలి. వెంట బడి తరఫున ఒకరు ఉంటారు. కేక వినపడేంత దూరంలో వెనకాలే నడుస్తారు. ప్రమాదమైతే తప్ప దగ్గరికి రారు. దారి గురించి పెదవి విప్పకూడదు. విప్పితే ఆ నడక చెల్లదు.

మొదట్లో ఆ పని డ్రిల్లు మాస్టారు చేశాడు. ఆయనది మైదానం అవతలి గేటు దగ్గర నిలబడ్డవాడికి కూడా వినపడే గొంతు. పిల్లలు తప్పు మలుపు తిరిగితే ఆయన ప్రాణం కొట్టుకునేది. "నేను చెప్పలేదురా, గట్టిగా అనుకున్నానంతే" అనేవాడు. అలా అనుకుని అనుకుని రెండు జట్ల నడక పాడు చేశాక, ఒక మధ్యాహ్నం ల్యాబ్ వెనక గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మీరు మాట్లాడకుండా ఎంతసేపు ఉండగలరమ్మా?"

ఆమె బీకరు తుడుస్తూ ఆయన వైపు చూసింది. తుడవడం అయిపోయింది. బీకరు అరలో పెట్టింది. ఇంకొకటి తీసుకుంది.

"సరే, మీరే వెళ్ళండి" అన్నాడు మాస్టారు.

అప్పటినుంచి ప్రతి ఏడాదీ ఆమే వెళ్తోంది. వెనకాలే నడుస్తుంది కాబట్టి పిల్లలు తోక మేడమ్ అని పేరు పెట్టారు. ఆమెకు తెలుసు. ఒకసారి వరండాలో వినపడింది కూడా. బాగానే ఉంది అనుకుంది.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. నడకనుంచి ఇంటికొచ్చిన రోజు ఆమె గిన్నెల గురించి, పక్కింటి కుళాయి గురించి, గోడ మీది చెమ్మ గురించి ఆపకుండా మాట్లాడేది. "ఆఖరి స్టాపు వచ్చినట్టు మాటలన్నీ ఇక్కడే దిగిపోతున్నాయే" అనేవాడు ఆయన. ఆమె నవ్వేది కాదు. దించాల్సినవి ఇంకా ఉండేవి.

ఆమె వెనక నడిచిన ఏ జట్టూ దారి తప్పలేదు. వార్షికోత్సవం రోజు పెద్ద మేడమ్ మైకు ముందు ఆ మాట చెప్పేది. మన పిల్లలు మ్యాపు చదవడంలో దిట్టలు అనేది. తోక మేడమ్ చివరి వరసలో గోడ పక్క కుర్చీలో కూర్చుని వినేది. తన పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. పేరు ఎత్తడానికి ఏమీ చెయ్యకపోవడమే తన పని. ఆ పని తనకంటే బాగా ఎవరూ చెయ్యలేరని మాత్రం లోలోపల అనుకునేది. అంత గర్వం ఆమెకు ఇంక దేని మీదా లేదు.

చెల్లెలి కూతురు వాళ్ళింట్లోనే ఉండి చదువుకుంటోంది. చెల్లెలు, మరిది వంతెనలు కట్టే కంపెనీలో పని చేస్తారు. ఎక్కడ నది ఉంటే అక్కడ కాపురం. పిల్లకు బడి కుదరక అక్క ఇంట్లో వదిలారు. నెమ్మది పిల్ల. ఒక్కటే అలవాటు. ఏ పని చేసినా "ఇది సరేనా పెద్దమ్మా?" అంటుంది. వేసుకున్న మేజోళ్ళ దగ్గర్నుంచి పుస్తకంలో లెక్క దాకా. నోటితో అడక్కపోతే కళ్ళతో అడుగుతుంది. పెద్దమ్మ ముఖం చూసి, అక్కడ ఏదో కనపడితే, చేసింది చెరిపేసి మళ్ళీ మొదలుపెడుతుంది.

ఆ ఏడాది ఆ పిల్ల అవార్డుకు పేరిచ్చింది. సేవ కింద ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డుకు వెళ్ళి, మంచం దిగలేనివాళ్ళకు తల దువ్వేది. పని కింద కుర్చీలకు కేను అల్లడం ఎంచుకుంది. నేర్చుకోవడానికి ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ విప్పేసింది. అల్లడం చేతికొచ్చేదాకా అందరూ నేల మీదే కూర్చున్నారు.

"నీ అవార్డు వచ్చేలోగా మంచాలు కూడా విప్పేస్తావా తల్లీ?" అన్నాడు పెదనాన్న, తువ్వాలు పరుచుకుని కూర్చుంటూ.

"మంచాలకి కేను ఉండదు పెదనాన్నా."

"బతికాం."

ఇక నడక మిగిలింది. ఆ మాట వచ్చినప్పుడు ఆ పిల్ల గొంతు మారేది. ఒక సాయంత్రం గిన్నెలు తుడుస్తూ అంది.

"పెద్దమ్మా, ఇదొక్కటి నేనే చెయ్యాలి."

"మరి ఇంకెవరు చేస్తారు?"

"అది కాదు. నీ మొహం చూడకుండా చెయ్యాలి."

పెద్దమ్మ తపేలా చేతికిచ్చింది. కానీ ఆ మాట ఆమె మనసులో కూర్చుంది. ఈ పిల్లకు అవార్డు కంటే అదే ఎక్కువ కావాలని అర్థమైంది. ఇద్దామనుకుంది. ఇవ్వడానికి తాను చెయ్యాల్సిందల్లా ఎప్పటిలా వెనక నడవడమే కదా అనుకుంది.

మాస్టారు ఒకసారి అడిగాడు. "మీ అమ్మాయి జట్టు కదా, వేరేవాళ్ళని చూడమంటారా?"

"ఎవరున్నారు?"

ఆయన కాసేపు ఆలోచించాడు. ఎవరూ లేరు.

నడక ఇంకా కొన్నాళ్ళుందనగా, బడి వదిలాక జట్టు నలుగురూ ల్యాబ్‌లోకి వచ్చారు. మ్యాపు పరచడానికి సరిపడా బల్ల బడిలో అక్కడే ఉంది. చెల్లెలి కూతురు, కళ్ళజోడు కుర్రాడు, ఒక పొడుగమ్మాయి, వాగుడుకాయ. ఆ వాగుడుకాయ సేవ కింద చూపు లేని పెద్దాయనకు పేపరు చదివి వినిపించాడు. నెల తిరక్కముందే ఆ పెద్దాయన, "చదివింది చాల్లే నాయనా, కాసేపు ఊరుకో" అన్నాడట. వాళ్ళతో నిరుడు అవార్డు తీసుకున్న పై తరగతి కుర్రాడు కూడా వచ్చాడు. వెనక గదిలో తోక మేడమ్ ఉందని ఎవరూ చూసుకోలేదు. కుళాయి కట్టేసి ఉంది. ఆమె ట్యూబులు గుడ్డతో తుడుస్తోంది.

"మ్యాపు బాగా మడతపెట్టుకోండి" అన్నాడు పై తరగతి కుర్రాడు. "వానొస్తే నెత్తిన పెట్టుకోవచ్చు."

"మరి దారి?" అన్నాడు వాగుడుకాయ.

"దారికి తోక మేడమ్ ఉంది కదరా. మలుపు తిరిగాక వెనక్కి ఒక చూపు చూడండి. ఆవిడ నడుస్తుంటే మీరు సరిగ్గా వెళ్తున్నట్టు. వంగి బూటు లేసు కట్టుకుంటుంటే తప్పినట్టు. వెనక్కి వచ్చెయ్యండి."

"నిజంగానా అన్నా?"

"మా ముందువాళ్ళు మాకు చెప్పారు. వాళ్ళ ముందువాళ్ళు వాళ్ళకి చెప్పారు. ఇంతవరకూ గురి తప్పలేదు."

"ఆవిడకి తెలుసా?" పొడుగమ్మాయి గొంతు.

"తెలిస్తే మానేస్తుంది. మీ నోళ్ళు జాగ్రత్త. ముఖ్యంగా నీది" అన్నాడు వాగుడుకాయతో.

నవ్వులు. ఆ నవ్వుల్లోంచి చెల్లెలి కూతురి గొంతు నెమ్మదిగా వినపడింది.

"ఇంట్లో కూడా అంతే. నా లెక్క తప్పయితే కాలి మెట్టె సర్దుకుంటుంది."

వాళ్ళు వెళ్ళిపోయేదాకా తోక మేడమ్ చేతిలో ట్యూబును అలాగే పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత స్టూలు మీద కూర్చుని తన పాదాల వైపు చూసుకుంది. కొండ బూట్ల లేసులు మంచివి కావనే ఆమె ఇన్నేళ్ళూ అనుకుంది. నాలుగైదు సార్లు మార్చింది. దుకాణంవాడు మైనం రాసినవి ఇచ్చాడు, రెండు ముళ్ళు వెయ్యమన్నాడు. అయినా ఊడుతున్నాయనే అనుకుంది. ఊడాయో లేదో ఒక్కసారి కూడా చూడలేదని ఇప్పుడు తెలిసింది. చెయ్యి దానంతటదే వెళ్ళేది.

ఆ సాయంత్రం భర్తను అడిగింది.

"నేను వంగుతానా?"

"ఎప్పుడు?"

"ఎవరైనా తప్పు చేస్తుంటే."

ఆయన చొక్కా బొత్తాలు విప్పుకుంటున్నాడు. బస్సు రూటు కంఠతా వచ్చిన మనిషి. సొంత స్కూటరు ఎక్కితే మాత్రం ఆయనకు వీధులు గుర్తుండవు.

"స్కూటరు తప్పు సందులోకి తిప్పితే వెనకాల నువ్వు కాలి దగ్గర ఏదో సర్దుకుంటావు" అన్నాడు. "పెళ్ళైన కొత్తలో చెప్పులు కరుస్తున్నాయేమో అనుకున్నాను. కొత్త జత కొన్నాను కూడా."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే మానేస్తావుగా. నాకు పనికొస్తోంది."

ఆమె మంచం అంచున కూర్చుండిపోయింది. పిల్లలు ఇన్నేళ్ళూ మ్యాపు చదివారనుకుంది. తన కాళ్ళు చదివారు. ఈసారి తన ఇంటి పిల్ల కూడా చదువుతుంది. మొహం చూడకుండా చెయ్యాలన్న పిల్ల, పాదాలు చూసి చేస్తుంది. ఆ తర్వాత జీవితమంతా ఎవరిదో ఒకరి పాదాలు వెతుక్కుంటుంది.

మాస్టారుకు చెబుదామా అనుకుంది. చెబితే ఆయనే బయల్దేరతాడు, ఆ గొంతు వేసుకుని. పిల్లలకు చెబుదామా అనుకుంది. అది దారి గురించి మాట్లాడటమే అవుతుందేమో. చివరకు తనకు చేతనైన పద్ధతిలోనే చేసింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. దుకాణానికి వెళ్ళి, లేసులు లేని, కాలు దూర్చి పైకి లాక్కునే రబ్బరు బూట్లు కొంది. లేసు లేకపోతే కట్టేది లేదు. కట్టేది లేకపోతే చెప్పేది లేదు. ఆమె ఆలోచన అంతవరకే వెళ్ళింది.

నడక రోజు పొద్దున వ్యాను కొండ కింద ఆగింది. నలుగురూ సంచులు వీపుకెత్తుకున్నారు. వాగుడుకాయ చూపు ముందు ఆమె పాదాల మీదే పడింది.

"మేడమ్, ఆ బూట్లేంటి?"

"వానొస్తుందేమోనని."

నలుగురూ తలెత్తి చూశారు. ఆకాశం కడిగిన బీకరులా ఉంది.

నడక మొదలైంది. మొదటి మలుపు దగ్గర నలుగురూ వెనక్కి చూశారు. ఆమె నడుస్తోంది. ముందుకెళ్ళారు. రెండో మలుపు దగ్గరా అంతే. అక్కడ వాళ్ళు ఒక పిల్లబాటలోకి తిరిగితే ఆమె నడుం దానంతటదే వంగబోయింది. చేతులు చీర మీది కోటు జేబుల్లో పెట్టుకుని నిటారుగా నిలబడింది. ఆ బాట ముళ్ళపొదలో ముగిసింది కాబట్టి వాళ్ళే తిరిగొచ్చారు. మ్యాపు ఇంకా సంచిలోంచి బయటికి రాలేదు.

మధ్యాహ్నానికి కూలిన రాతిగోడ దగ్గరికి చేరారు. అక్కడ దారి చీలుతుంది. ఎడమ వైపు సన్నని బాట గడ్డిలోంచి కొండ వీపు మీదికి ఎక్కుతుంది. వాళ్ళు వెళ్ళాల్సింది అది. కుడి వైపు వెడల్పాటి దారి, నడవడానికి సుఖంగా, కిందికి దిగుతుంది. ఒకప్పుడు రాళ్ళ లారీలు తిరిగిన దారి. కళ్ళజోడు కుర్రాడు మొదటిసారి మ్యాపు తీశాడు. వేలితో చూసి "పైకి" అన్నాడు. నలుగురూ ఎడమ బాట ఎక్కడం మొదలుపెట్టారు. నాలుగు అడుగులేసి అలవాటుగా వెనక్కి చూశారు.

అప్పుడే గాలి వీచి, ఎండుగడ్డి పొట్టు ఆమె ముక్కులోకి, గొంతులోకి పోయింది. ఆమె గుటక వేసింది. పెదాలు బిగించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాట ఆపుకున్నట్టు దగ్గును ఆపుకోవడం ఎవరి వల్లా కాదు.

దగ్గింది.

నలుగురూ టక్కున ఆగిపోయారు. గాలి వాళ్ళ వైపునుంచే వీస్తోంది, మాటలు స్పష్టంగా వినపడ్డాయి.

"దగ్గింది."

"పొట్టు పోయిందేమోలే."

"బూట్లు మార్చింది కదరా. లేసులు లేవు. మరి ఇంకేదో ఒకటి చెయ్యాలి కదా."

"మ్యాపులో ఇదే ఉంది" అన్నాడు కళ్ళజోడు.

"మ్యాపుకేం తెలుసు?"

నలుగురూ దిగొచ్చి కుడి వైపు దారి పట్టారు. కొంచెం దూరం పోయి వెనక్కి చూశారు. ఆమె చేతులు జేబుల్లో పెట్టుకుని, కర్రలా నిలువుగా నడిచొస్తోంది.

"చూశావా, నడుస్తోంది" అన్నాడు వాగుడుకాయ. ఇక ఎవరూ ఏమీ అనలేదు. పాట కూడా అందుకున్నారు.

సరైన దారిలో ఉన్నవాళ్ళను తాను తప్పు దారిలోకి దించింది. ఇప్పుడు కేకేసి చెబితే నడక చెల్లదు. చెప్పకపోతే ఈ తప్పు వాళ్ళది కాదు, తనది. ల్యాబ్‌లో ఆలోచించినట్టే ఆలోచించింది. రంగు మారుతుందా, చెయ్యి కాలుతుందా? దారి వెడల్పుగా ఉంది. కింద క్వారీ మూతపడి చాలాకాలమైంది. లోతు నీళ్ళు లేవు. చెయ్యి కాలదు. వెనకాలే నడిచింది. ఆ దిగుడు ఎప్పుడూ అంత పొడుగనిపించలేదు.

క్వారీ కోసిన కొండ ముందు దారి ఆగిపోయింది. నిలువుగా బండ, దాని కింద తుప్పు పట్టిన ఇనుప చక్రం. ఎటూ వెళ్ళడానికి లేదు. నీడలు సాగుతున్నాయి. నలుగురూ ఆ బండను చూశారు. మ్యాపును చూశారు. అన్నీ అయ్యాక తిరిగి ఆమెను చూశారు.

చెల్లెలి కూతురి ముఖం ఆమెకు బాగా కనపడింది. ఇది సరేనా పెద్దమ్మా? వంటింట్లో, అద్దం ముందు, లెక్కల పుస్తకం మీద వంగినప్పుడు, రోజూ చూసే ముఖమే. ఆమె చెయ్యి జేబులోంచి బయటికొచ్చి బూటు దాకా వెళ్ళింది. అక్కడ నున్నటి రబ్బరు తగిలింది. చెయ్యి తిరిగొచ్చింది. ఇలా నిలబడి ఉన్నంతసేపూ ఈ పిల్లలు తనను చదువుతూనే ఉంటారని ఆమెకు అర్థమైంది. నిలబడితే ఒక అర్థం, కదిలితే ఒక అర్థం.

ఆమె వెనక్కి తిరిగింది. వచ్చిన దారి వైపు మొహం పెడితే అదీ ఒక సైగే. అందుకని దారి అంటూ లేని వైపు, ఖాళీ లోయ వైపు తిరిగి, ఒక రాయి మీద కూర్చుంది. వాళ్ళకు వీపు మాత్రం మిగిలింది.

"అటు తిరిగి కూర్చుంది" అన్నాడు వాగుడుకాయ. "అంటే ఏంటి?"

"అన్న ఇది చెప్పలేదు."

"కోపమొచ్చిందేమో."

"ఏయ్, మీ పెద్దమ్మే కదా, నువ్వు చెప్పు. ఇంట్లో అలా కూర్చుంటే ఏంటి అర్థం?"

సంచి నేల మీద దించిన చప్పుడు.

"ఏమీ లేదు" అంది చెల్లెలి కూతురు. "కూర్చుంది."

"ఊరికే ఎందుకు కూర్చుంటుంది?"

"కాళ్ళు నొప్పేమో. మ్యాపు ఇలా తే."

కాగితం విప్పిన చప్పుడు.

"పైకి అని నేను అప్పుడే అన్నాను" అన్నాడు కళ్ళజోడు.

"అన్నావులే, గట్టిగా అనొచ్చుగా."

"మీరంతా ఆవిడ వైపు చూస్తుంటే నా మాట ఎవడు వింటాడు?"

"ఇప్పుడు వింటున్నాం, చెప్పు" అంది చెల్లెలి కూతురు. "ఇదేంటి, పళ్ళ వరసలా ఉన్న గీత?"

"కొండ కోసిన చోటు."

"అయితే మనం ఇక్కడున్నాం. కదూ? ఇందాకటి కూలిన గోడ ఇదిగో. అక్కడ ఎడమకి పోవాల్సింది. ఇప్పుడు మళ్ళీ ఎక్కితే చీకటి పడేలోగా గోడ దాకా వెళ్ళగలం. ఈ పూట అక్కడే పడుకుందాం. గోడ గాలి ఆపుతుంది. పొద్దున్నే లేస్తే సరిపోతుంది."

"సరిపోతుందా?" అంది పొడుగమ్మాయి.

"ఏమో. సరిపోవాలి."

సంచులు ఎత్తుకున్న చప్పుడు. అడుగులు ఆమె పక్కనుంచే పోయాయి. ముగ్గురు ఓరగా చూశారు. చెల్లెలి కూతురు చూడలేదు. వాళ్ళు దూరమయ్యాక ఆమె లేచి, చీర అంచుకు అంటిన రాతిపొడి దులుపుకుని, వెనకాలే ఎక్కింది.

మర్నాడు పొద్దున వెలుగు రాకముందే గుడారం మడతపడింది. ఆ రోజంతా వాళ్ళు ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ప్రతి చీలిక దగ్గరా మ్యాపు విప్పారు, పోట్లాడుకున్నారు, వెళ్ళారు. ఒకచోట తప్పు బాట పట్టి, కొంతదూరం పోయి, వాళ్ళంతట వాళ్ళే గొణుక్కుంటూ తిరిగొచ్చారు. వాళ్ళు వస్తుంటే ఆమె పక్కకు జరిగి నిలబడింది. చెట్టును దాటినట్టు దాటి వెళ్ళారు. ఆమెకు అదో మాదిరిగా అనిపించింది. ఇన్నేళ్ళలో ఎవరూ చూడకుండా వెనక నడవడం అదే మొదటిసారి.

పొద్దు ఇంకా కొండ మీద ఉండగానే దిగారు. డ్రిల్లు మాస్టారు వ్యానుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఏ జట్టు దిగినా ఆయన అడిగే ప్రశ్న ఒకటుంది. ఏ జట్టయినా చెప్పే జవాబు కూడా ఒకటే. ఇన్నేళ్ళలో ఆ జవాబు ప్రశ్న పూర్తికాకముందే వచ్చేది.

"దారిలో ఎవరైనా సాయం చేశారా?"

వాగుడుకాయ నోరు తెరిచాడు. చెల్లెలి కూతురు ముందుగా అంది.

"నిన్న సాయంత్రం దాకా చేశారు సార్. తర్వాత చెయ్యలేదు."

"ఎవరు చేశారు?"

"పెద్దమ్మ. ఆమెకి తెలియకుండానే."

"తెలుసు" అంది తోక మేడమ్. అది నిన్న పొద్దుటినుంచి ఆమె నోటినుంచి వచ్చిన మొదటి మాట. గొంతు జీరపోయింది. "ఈసారి తెలుసు. గోడ దగ్గర దగ్గాను."

"దగ్గితే సాయం ఎలా అవుతుందమ్మా?"

"పైకి వెళ్తున్నవాళ్ళు అది విని కిందికి దిగారు."

"కింద ఏముంది?"

"క్వారీ."

"అంటే తప్పు దారి పట్టించారు."

"అవును."

మాస్టారు గడ్డం గోక్కున్నాడు. "సాయం చేస్తే ఏం చెయ్యాలో రాసి ఉంది. తప్పు దారి పట్టిస్తే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు."

అప్పుడు చెల్లెలి కూతురు లేసుల సంగతి చెప్పింది. మొదటినుంచి చివరిదాకా, ఎవరి మొహమూ చూడకుండా, వ్యాను టైరు వైపు చూస్తూ చెప్పింది. వాగుడుకాయ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అయిపోయింది. అన్న మనల్ని బతకనివ్వడు" అన్నాడు.

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. ఆయన అంతసేపు ఊరుకోవడం పిల్లలు ఎప్పుడూ చూడలేదు. చివరకు తోక మేడమ్ వైపు తిరిగాడు.

"నేను నోటితో చేసింది మీరు కాలితో చేశారన్నమాట."

"అవునండీ."

"పాతవాళ్ళు కొండ ఎక్కారు, దిగారు. ఆ కాళ్ళు వాళ్ళవే. వాళ్ళకిచ్చిన అవార్డు బ్యాడ్జీలు నేను వెనక్కి తీసుకోను" అన్నాడు. "పెద్ద మేడమ్‌కి మాత్రం చెప్తాను, మైకు ముందు ఆ దిట్టల మాట మానెయ్యమని. మీ నలుగురూ గోడ దాటి కొండ వీపు ఎక్కేదాకా మళ్ళీ నడవండి. వచ్చే సెలవు రోజు. అక్కడినుంచి ఇటు నడిచింది మీదే, దాన్ని ముట్టుకోను. అటు నడిచింది చెల్లదు."

"ఎవరు వస్తారు సార్ వెనకాల?" అంది పొడుగమ్మాయి.

మాస్టారు తోక మేడమ్‌ను చూశాడు. తోక మేడమ్ చెల్లెలి కూతురిని చూసింది.

"పెద్దమ్మే రానీండి" అంది ఆ పిల్ల.

వ్యానులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మిగతావాళ్ళు నిద్రపోయారు.

"నువ్వు మమ్మల్ని మోసం చేశావు పెద్దమ్మా."

"నేనేం చేశాను?"

"ఏమీ చెయ్యలేదు. నువ్వు వంగకపోతే దారి సరైనదే అనుకున్నాం."

"ఈ బూట్లకి లేసులు లేవుగా."

"లేసులు లేక వంగలేదో, వంగే పని లేక వంగలేదో మాకెలా తెలుస్తుంది? ముందే చెప్పొచ్చుగా."

"చెప్పకూడదు కదా."

"దారి గురించి చెప్పకూడదు" అంది ఆ పిల్ల, కిటికీలోంచి చూస్తూ. "నీ గురించి చెప్పొచ్చు."

పెద్దమ్మ వంగి రబ్బరు బూట్లు లాగేసి సీటు కిందికి తోసింది.

ఆ వారం ఒక మధ్యాహ్నం నలుగురినీ ల్యాబ్‌కు పిలిచింది. సింకుకు ఆనుకుని నిలబడి, చేతులు తుడుచుకుంటూ, తన గురించి చెప్పింది. రెండు ముక్కల్లో అయిపోయింది.

"మీరు తప్పు చేస్తుంటే నా చెయ్యి కాలి దగ్గరికి పోతుంది. అది నా చేతిలో లేదు. అందుకని ఈసారి ప్రతి మలుపు దగ్గరా వంగుతాను. తప్పయినా వంగుతాను, ఒప్పయినా వంగుతాను."

"దగ్గితే మేడమ్?" అన్నాడు వాగుడుకాయ.

"నీళ్ళిస్తావా?"

"ఇస్తాను."

"అయితే చాలు."

ఇంట్లో కూడా చెప్పింది. స్కూటరు మీద ఇకనుంచి ప్రతి సందు మొగలోనూ చెప్పు సర్దుకుంటానంది.

"అంటే నేను వీధి పేర్లు చదువుకోవాలా?" అన్నాడు భర్త, కొత్తగా అల్లిన కుర్చీలో కూర్చుని.

సెలవు రోజు పొద్దున వ్యాను మళ్ళీ అక్కడే ఆగింది. ఆమె పాత బూట్లు తొడుక్కుంది. మైనం లేసులు, రెండు ముళ్ళు. పిల్లలు బయల్దేరారు. కేక వినపడేంత దూరం పోనిచ్చి ఆమె కదిలింది. మొదటి మలుపు దగ్గర వంగింది. రెండో దాని దగ్గర వంగింది. పిల్లబాట చీలే చోట వంగింది. అక్కడ వాళ్ళు మ్యాపు విప్పి, ముళ్ళపొద వైపు పోకుండా, నేరుగా వెళ్ళారు. ఆమె లేచేసరికి నడుం పట్టేసింది. వంగడం ఇంత పని అని ఇన్నాళ్ళూ తెలియలేదు. వాళ్ళు వెనక్కి చూడలేదు. ఎవరి కోసం వంగుతున్నానో ఆమెకే నవ్వొచ్చింది.

గోడకు కొంచెం ఇవతల, మలుపేమీ లేని చోట, ఎడమ కాలి బూటు వదులైంది. చూస్తే లేసు నిజంగానే ఊడింది.

ఆమె రాయి మీద కాలు పెట్టి, తీరిగ్గా కట్టుకుంది. ఒక ముడి, దాని మీద ఇంకొకటి. తలెత్తేసరికి దారి ఖాళీగా ఉంది. నలుగురూ కనపడలేదు. మాటలు కూడా వినపడలేదు, గాలి అటు తిరిగింది. ముందు కూలిన గోడ, గోడ దగ్గర రెండు దారులు. ఆమె నిలబడి రెండింటినీ చూసింది.

గడ్డిలోంచి పైకెక్కే సన్నని బాటలోకి తిరిగింది. అడుగు తొందరపెట్టలేదు.